ఉపరితలాల శాస్త్రజ్ఞుడు వాల్టర్ బ్రాటెయిన్

ఒకప్పుడు మన పట్టణాల వీధులలో కళాయి వేసే సాయిబు కొలిమి చుట్టూ మూగి నిలబడని బాలుడు లేడంటే అతిశయోక్తి కాదు. నేలలో చిన్న గుంట త్రవ్వి, తిత్తి అమర్చి, బొగ్గులు రాజేసి, ముందుగా ఆయన చేసే పని పాత్రను తోమడం. ఇసుకతో రుద్ది రుద్ది పాత్ర లోపలి జిడ్డును, చిలుమును పూర్తిగా వదిలించిన తరువాతనే దానిని నిప్పులపై పెట్టేవాడు. అది తగినంత కాగగానే నవాసారం చల్లి, తగరపు ముక్కను తాకించి, గుడ్డతో ఒక్క త్రిప్పు త్రిప్పేసరికి లోపలి భాగమంతా వెండివలె మెరిసేది. తోముడు తక్కువైన చోట కళాయి అంటేది కాదు. వేడి చాలకపోతే తగరం ముద్దకట్టేది. ఆ పనివాడు రసాయనశాస్త్రం చదువలేదు. అయినా ఒక లోహంపై మరొక లోహపు పలుచని పొర నిలవాలంటే ముందు శుభ్రత, తరువాత సరిగా పట్టిన వేడి, ఈ రెండూ కుదరాలని ఆయనకు తెలుసు. ఉర్దూ ‘ఖలయీ’యే తెలుగులో ‘కళాయి’గా స్థిరపడినదని మా పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు.

మేము ఈ వ్యాసంలో పరిచయం చేయదలచిన వ్యక్తి తన ప్రయోగజీవితం యావత్తూ దాదాపు ఈ సమస్యతోనే గడిపిన భౌతికశాస్త్రజ్ఞుడు. ఆయన చేతిలోనిది ఇత్తడి గిన్నె కాదు, అర్ధవాహక స్ఫటికం. ఆయన పేరు వాల్టర్ హౌజర్ బ్రాటెయిన్. ట్రాన్సిస్టర్‌ను కనుగొన్నవారుగా షాక్లీ, బార్డీన్, బ్రాటెయిన్ అని మూడు పేర్లను మనం ఒక్క ఊపిరిలో వల్లించి పరీక్ష వ్రాసి మరచిపోతాము. ఆ మూడింటిలో షాక్లీ పేరు వివాదాల వలన, బార్డీన్ పేరు 1972లో లభించిన రెండవ నోబెల్ బహుమతి వలన నిలిచాయి. చేతులతో ఆ వస్తువును నిర్మించిన మూడవ వ్యక్తిని గురించి తెలుగులో వ్రాసినవారు అరుదు. ఆ లోటును కొంతైనా తీర్చాలన్నది మా ఉద్దేశం.

బ్రాటెయిన్ 1902 ఫిబ్రవరి 10వ తేదీన చైనా దేశంలోని అమోయ్ రేవుపట్టణంలో జన్మించారు. తండ్రి రాస్ బ్రాటెయిన్ అక్కడ చైనా బాలుర పాఠశాలలో ఉపాధ్యాయుడు. తల్లి ఒటిలీ. శిశువుకు ఏడాది నిండిన కొద్దికాలానికే ఆ కుటుంబం అమెరికాకు తిరిగి వెళ్లి వాషింగ్టన్ రాష్ట్రంలో స్థిరపడింది. టొనాస్కెట్ అనే చిన్న ఊరి సమీపంలో వారికి పశువుల క్షేత్రం ఉండేది. తండ్రి పిండిమర కూడా నడిపేవాడు. బాల్యంలో వాల్టర్ పశువుల వెంట కొండలలో తిరిగాడు, గుర్రాల వెనుక దుమ్ములో నడుస్తూ పొలం చదును చేశాడు. తనను భౌతికశాస్త్రజ్ఞుణ్ణి చేసింది ఆ దుమ్మేనని ముసలితనంలో ఆయన హాస్యమాడేవారట. అయితే ఆ క్షేత్రంలోనే ఆయనకు మరొకటి అబ్బినది. విరిగిన వస్తువును బాగుచేయడానికి ఎవరో వస్తారని ఎదురుచూడక, చేతికందిన సామగ్రితో తానే సరిచేసుకునే అలవాటు. ముందుముందు ఆయన చరిత్రలో ఈ అలవాటు చాలా దూరం పనిచేసింది.

ఉన్నతవిద్యకు ఆయన వెళ్లినది పెద్ద విశ్వవిద్యాలయానికి కాదు. వాలా వాలా అనే పట్టణంలోని విట్మన్ కళాశాలకు. తల్లిదండ్రులు చదివినదీ అక్కడనే. ఆ చిన్న కళాశాలలో బెంజమిన్ బ్రౌన్ భౌతికశాస్త్రాన్ని, వాల్టర్ బ్రాటన్ గణితాన్ని బోధించేవారు. బ్రాటెయిన్‌తో పాటు ఆ తరగతిలో చదివిన వాకర్ బ్లీక్నీ, వ్లాడిమిర్ రోజాన్స్కీ, జాన్ వర్క్‌మన్ ముగ్గురూ తరువాత పేరుగాంచిన భౌతికశాస్త్రజ్ఞులైనారు. ఒక చిన్న ఊరి కళాశాలలో ఒకే తరగతి నుండి నలుగురు! దీనికి భవనాలు కారణమా, పరికరాలు కారణమా, ఇద్దరు ఉపాధ్యాయులు కారణమా అన్నది మా కళాశాల సంఘంవారు తీరికగా ఆలోచింపదగిన విషయం.

1924లో పట్టభద్రుడై, 1926లో ఆరెగాన్ విశ్వవిద్యాలయం నుండి ఎం.ఎ. పట్టాను, 1929లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం నుండి జాన్ టేట్ పర్యవేక్షణలో డాక్టరేటును పొందారు. కొంతకాలం జాతీయ ప్రమాణాల సంస్థలో పనిచేసి, 1929లో జోసెఫ్ బెకర్ అనే శాస్త్రజ్ఞుని పిలుపుపై న్యూయార్క్‌లోని బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలలో చేరారు. అక్కడ ఆయన ముప్పది ఎనిమిది సంవత్సరాలు పనిచేశారు.

మొదటి పని టంగ్‌స్టన్ తీగలపై. వేడెక్కిన తీగ నుండి ఎలక్ట్రాన్లు వెలువడడం వాల్వు రేడియోలకు ఆధారం. ఆ తీగపై థోరియం అణువులు ఒక్క వరుసలో పరచుకొన్నా చాలు, వెలువడే ఎలక్ట్రాన్ల సంఖ్య అనేక రెట్లు మారిపోతుంది. కంటికి కనిపించని, తూకానికి అందని పొర మొత్తం తీగ స్వభావాన్ని శాసించడం బ్రాటెయిన్ అక్కడే మొదట చూశారు.

తరువాత ఆయన చేతికి వచ్చినది రాగి. ఆ రోజులలో ఏకాంతర విద్యుత్తును ఒకే దిక్కుకు మళ్లించడానికి క్యూప్రస్ ఆక్సైడ్ ఏకధిక్కరణులు కొత్తగా వాడుకలోకి వచ్చాయి. లార్స్ గ్రాండాల్ అనే ఇంజనీరు 1920ల దశకంలో వీటిని రూపొందించాడు. తయారీ వినడానికి అతి సులభం. రాగి బిళ్లను శుభ్రం చేసి గాలిలో సుమారు 1000 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద కాలుస్తారు. దానిపై రెండు పొరలు ఏర్పడతాయి. పైది నల్లని క్యూప్రిక్ ఆక్సైడ్, క్రిందిది ఎర్రని క్యూప్రస్ ఆక్సైడ్. తరువాత ఉష్ణోగ్రతను కొంత తగ్గించి, కొంతసేపు అక్కడ నిలిపి, చప్పున చల్లారుస్తారు. పై నల్లపొరను రసాయనాలతో కడిగివేస్తే ఎర్రపొర మిగులుతుంది. ఆ పొరకు, క్రింది రాగికి మధ్య ఉన్న సన్నని సరిహద్దు విద్యుత్తును ఒకవైపు పోనిస్తుంది, రెండవవైపు అడ్డుకొంటుంది.

కాని వినడానికి సులభమైన ఈ వంటకం చేయడంలో ఎన్నో చిక్కులు పెట్టింది. ఎంత వేడిలో ఎంతసేపు ఉంచారు, ఎంత వేగంగా చల్లార్చారు అన్నదానిని బట్టి పొర యొక్క నిరోధం మారిపోయేది. రాగి ఎక్కడి నుండి వచ్చినదన్నదీ ముఖ్యమే. చిలీ దేశపు రాగితో చేసిన బిళ్లలు చక్కగా పనిచేసేవి. అంతకంటె శుద్ధమైనదని చెప్పిన రాగితో చేసినవి పనిచేసేవి కావు. లక్షల పాళ్లలో ఒక పాలు కలిసిన ఏదో మాలిన్యం అంతటినీ నడిపిస్తున్నదని ఊహించగలిగినా, దానిని పట్టి చూపే సాధనాలు అప్పట్లో లేవు. బ్రాటెయిన్ 1930ల దశకాన్ని చాలావరకు ఈ రాగి బిళ్లలతోనే గడిపారు. 1931లో మిషిగన్‌లో జర్మన్ శాస్త్రజ్ఞుడు సోమర్‌ఫెల్డ్ ఉపన్యాసాలు విని క్రొత్త క్వాంటం సిద్ధాంతాన్ని నేర్చుకొన్నారు. తిరిగివచ్చి తోటివారికి బోధించారు. అయినా సిద్ధాంతం ఒకవైపు, కొలిమి ఒకవైపు ఉండిపోయాయి. 1940 ప్రాంతంలో విలియం షాక్లీ అనే యువ సిద్ధాంతకర్త ఆయన వద్దకు వచ్చి, రాగి ఆక్సైడ్ పొరలోపల సన్నని జాలీ వంటి తీగను ఇమిడిస్తే వాల్వు చేసే పనిని ఈ పొరయే చేయగలదని సూచించాడు. అది కుదిరే పని కాదని అనుభవజ్ఞుడైన బ్రాటెయిన్‌కు తెలుసు. అయినా అడిగిన కొలతలకు తయారుచేసి ఇచ్చారు. ఫలితం శూన్యం.

అదే 1940లో మరొక సంఘటన జరిగింది. రస్సెల్ ఓల్ అనే సహోద్యోగి ఒక నల్లని సిలికాన్ ముక్కను తెచ్చి, దానిపై దీపపు వెలుతురు వేసి చూపాడు. అంతవరకు ఏ పదార్థంలోనూ కనిపించనంత వోల్టేజి పుట్టింది. బ్రాటెయిన్ మొదట నమ్మలేదు. తరువాత ఆలోచించి, ఆ స్ఫటికం లోపలనే రెండు విధాల సిలికాన్ కలిసే సరిహద్దు ఒకటి ఉండవలెనని అక్కడికక్కడే చెప్పగలిగారు. రాగి బిళ్లలతో గడిపిన సంవత్సరాలు వ్యర్థం కాలేదన్నమాట. ఇంతలో యుద్ధం వచ్చింది. జలాంతర్గాములను అయస్కాంత పద్ధతిలో పసిగట్టే పరిశోధనలో కొంతకాలం పనిచేసి, యుద్ధానంతరం ఆయన తిరిగి తన బల్ల దగ్గరకు చేరారు.

1945 చివర బెల్ సంస్థ న్యూజెర్సీలోని మరేహిల్‌లో ఘనపదార్థాల పరిశోధనకు ఒక బృందాన్ని ఏర్పరచింది. నాయకుడు షాక్లీ. క్రొత్తగా చేరినవాడు జాన్ బార్డీన్, మితభాషి, గణితంలో ప్రతిభాశాలి. బ్రాటెయిన్ తమ్ముడు రాబర్ట్ ప్రిన్స్‌టన్‌లో బార్డీన్‌కు స్నేహితుడు కావడం వలన పరిచయం ముందే ఉన్నది. బ్రాటెయిన్ మాటకారి, గట్టిగా వాదించేవాడు. బార్డీన్ పెదవి విప్పడం అరుదు. ఒకరు ప్రయోగం చేస్తుంటే మరొకరు దాని అర్థం ఆలోచించేవారు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చునేవారు, ఆటవిడుపుగా గోల్ఫ్ ఆడేవారు. ఈ మైత్రి జీవితాంతం చెక్కుచెదరలేదు.

షాక్లీ సూచించిన ప్రయోగం ఇది: పలుచని సిలికాన్ పొరకు అతి దగ్గరగా లోహపు పలకను ఉంచి, పలకకు విద్యుదావేశం ఇస్తే, దాని ప్రభావం వలన సిలికాన్ పొరలో ఎలక్ట్రాన్ల సంఖ్య మారి విద్యుత్ ప్రవాహం హెచ్చుతగ్గులు కావాలి. లెక్క సరిగానే ఉన్నది. ఫలితం మాత్రం కనిపించలేదు. 1946లో బార్డీన్ దీనికి కారణం చెప్పాడు. స్ఫటికం ఉపరితలం వద్ద ఎలక్ట్రాన్లు చిక్కుకొనిపోయే స్థానాలు ఉంటాయి. వీటికి ఉపరితల స్థితులని పేరు. బయటి నుండి వచ్చే విద్యుత్ క్షేత్రాన్ని ఈ చిక్కుకొన్న ఎలక్ట్రాన్లే గొడుగువలె అడ్డుకొని లోపలికి పోనీయవు. కోటగోడపై కాపలావారు నిలబడితే రాజుగారి వర్తమానం లోపలికి చేరనట్లే. ఇక చేయవలసినది ఒక్కటే, ఆ ఉపరితలాన్ని అర్థం చేసుకోవడం. ఆ పని బ్రాటెయిన్‌ది.

ఇక 1947 నవంబరు, డిసెంబరు నెలల కథ. దీనిని కొంత విస్తరించి చెప్పడానికి పాఠకులు మన్నించాలి.

నవంబరు 17న బ్రాటెయిన్ సిలికాన్ ఉపరితలంపై వెలుతురు ప్రభావాన్ని వేర్వేరు ఉష్ణోగ్రతల వద్ద కొలుస్తున్నారు. చల్లబరిచినప్పుడు గాలిలోని తేమ స్ఫటికంపై మంచుబిందువులవలె పట్టి కొలతలను చెడగొట్టేది. తేమ లేకుండా చేయాలంటే మొత్తం పరికరాన్ని శూన్యంలో అమర్చవలసి ఉంటుంది. దానికి చాలా రోజులు పడుతుంది. అంత ఓపిక లేని బ్రాటెయిన్ తిరుగుడు దారి పట్టారు. ఎలాగూ తడుస్తున్నది గదా అని స్ఫటికాన్ని ద్రవంలోనే ముంచివేశారు! ఆశ్చర్యకరంగా ప్రభావం తగ్గడానికి బదులు ఎన్నో రెట్లు పెరిగింది. రాబర్ట్ గిబ్నీ అనే రసాయనశాస్త్రజ్ఞుడు ఆ ద్రవానికి వోల్టేజి ఇచ్చి మార్చి చూడమన్నాడు. అట్లా చేయగా ఉపరితల స్థితుల గొడుగు తొలగిపోయింది. విద్యుద్విశ్లేష్య ద్రవంలోని అయాన్లు స్ఫటికాన్ని అంటుకొని అతి బలమైన క్షేత్రాన్ని కలిగించి, కాపలాదారులను జయించాయి. రెండేళ్లుగా తెరుచుకోని తలుపు నీటిచుక్కతో తెరుచుకొన్నది.

నాలుగు రోజుల తరువాత, బార్డీన్ సూచనపై, మైనం పూసిన లోహపు సూదిమొనను నీటిచుక్క గుండా సిలికాన్‌పైకి గ్రుచ్చి మొదటిసారి కొద్దిపాటి వర్ధనాన్ని సాధించారు. నీరు ఆవిరైపోతుండడంతో గ్లైకాల్ బోరేట్ అనే చిక్కని ద్రవాన్ని వాడారు. డిసెంబరు 8న సిలికాన్‌కు బదులు జెర్మేనియం వాడి చూద్దామని బార్డీన్ అన్నాడు. వర్ధనం బాగా పెరిగింది. కాని ద్రవంలోని అయాన్లు బరువుగా కదిలేవి. సెకనుకు పది ఆవృత్తులు దాటితే వాటికి ఊపిరి అందేది కాదు. మనిషి గొంతును సరిగా పంపడానికైనా వేల ఆవృత్తులు కావాలి.

ఆ సమయంలో వారొకటి గమనించారు. ద్రవం క్రింద జెర్మేనియంపై ఆకుపచ్చని సన్నని ఆక్సైడ్ పొర పెరుగుతున్నది. ఆక్సైడ్ విద్యుత్తును పోనీయదు. కాబట్టి ద్రవాన్ని తొలగించి, ఆ పొరపైనే లోహాన్ని ఉంచితే వేగం సమస్య తీరుతుందనుకొన్నారు. గిబ్నీ జాగ్రత్తగా ఆక్సైడ్ పొర పెంచిన జెర్మేనియం బిళ్లను సిద్ధం చేశాడు. దానిపై బంగారాన్ని ఆవిరి రూపంలో చిన్న చిన్న చుక్కలుగా పరిచారు. బ్రాటెయిన్ కొలవడం మొదలుపెట్టారు. ఏదో తేడా. బంగారానికి, జెర్మేనియానికి మధ్య అడ్డుగా ఉండవలసిన ఆక్సైడ్ లేనే లేదు!

ఏమి జరిగింది? బంగారం వేయకముందు బ్రాటెయిన్ బిళ్లపై అంటిన గ్లైకాల్ బోరేట్‌ను కడిగివేశారు. పొరను ఉంచుతూ దానిపై మురికిని మాత్రమే తీసివేస్తున్నానని ఆయన అనుకొన్నారు. జెర్మేనియం ఆక్సైడ్ నీటిలో కరుగుతుంది. మురికితోపాటు పొర కూడా కొట్టుకుపోయింది. పదిహేడేళ్లు ఆక్సైడ్ పొరలతో మెలగిన మనిషి చేతిలో, కడగడమనే అతి సామాన్యమైన పనిలో, ఇంతటి పొరపాటు! కొలతల తొందరలో ఒక చుక్కను షార్టు చేసి పాడుచేశారు కూడా. ఆయన తనను తాను తిట్టుకొన్నారట. మా ప్రయోగశాలలో విద్యార్థి ఇట్లు చేసి ఉంటే మేము ఏమనేవారమో చెప్పనవసరం లేదు.

కాని ఆయన ఆ బిళ్లను పారవేయలేదు. చెడిన చుక్క అంచున సూదిమొనను త్రిప్పుతూ, బంగారానికి ధన వోల్టేజి ఇచ్చి చూశారు. సూది గుండా పోయే ప్రవాహం మారింది. అది కూడా వేల ఆవృత్తుల వేగంలో. వారు ఊహించిన యంత్రం ఇది కాదు. ఆక్సైడ్ అడ్డు లేకపోవడం వలన బంగారం నుండి ‘రంధ్రాలు’, అంటే ఎలక్ట్రాన్ల ఖాళీ స్థానాలు, నేరుగా జెర్మేనియంలోకి ప్రవేశించి, సన్నని దూరం నడిచి సూదిమొనను చేరుతున్నాయి. బయటి నుండి క్షేత్రంతో శాసించాలనుకొన్న ఎలక్ట్రాన్లకు బదులు, లోపలికే దూతలను పంపే క్రొత్త మార్గం దొరికింది. పొర మిగిలి ఉంటే ఈ మార్గం ఆనాడు కనిపించేది కాదు. దీనిని అదృష్టమనేవారు ఉన్నారు. ఏదో తప్పు జరిగిందని గుర్తించి, ఏ తప్పు జరిగిందో దాచక నోటుపుస్తకంలో వ్రాసికొని, ఆ తప్పు చేసిన బిళ్లనే మళ్లీ కొలిచిన వానికి మాత్రమే కలిగే అదృష్టం అది అని మా అభిప్రాయం.

రెండు స్పర్శలు మిల్లీమీటరులో ఇరవైయవ వంతు దూరంలో ఉండాలని బార్డీన్ లెక్క కట్టాడు. అంత దగ్గరగా రెండు తీగలను నిలబెట్టడం ఎట్లు? ఇక్కడ పశువుల క్షేత్రంలో పెరిగిన చేతులు పనిచేశాయి. బ్రాటెయిన్ చిన్న పాలీస్టైరిన్ త్రికోణపు ముక్క అంచున బంగారు రేకును అతికించి, కొన వద్ద బ్లేడుతో సన్నని గాటు పెట్టారు. రేకు రెండుగా తెగగానే ఆపివేశారు. ఆ త్రికోణాన్ని స్ప్రింగుతో జెర్మేనియంపై నొక్కి నిలిపారు. 1947 డిసెంబరు 16న అది పనిచేసింది. ఆ సాయంకాలం కారులో ఇంటికి వెళుతూ, తాను ఇంతవరకు చేసినవాటిలో అతి ముఖ్యమైన ప్రయోగం ఈనాడు చేశానని సహప్రయాణికులతో అన్నారు. మరునాడు గాభరాపడి, ఎవరికీ చెప్పవద్దని వారి చేత ఒట్టు వేయించుకొన్నారు. డిసెంబరు 23న పై అధికారుల ఎదుట దాని గుండా మాటలు వినిపించారు. సామర్థ్యం సుమారు 18 రెట్లు పెరిగినట్లు ఆయన నోటుపుస్తకంలో నమోదు చేశారు. 1948 మేలో జాన్ పియర్స్ అనే సహోద్యోగి దానికి ట్రాన్సిస్టర్ అని నామకరణం చేశాడు. ఆ ఏడు జూన్ 30న న్యూయార్క్‌లో లోకానికి ప్రకటించారు. పత్రికలు పెద్దగా పట్టించుకోలేదు.

విజయం వెనుకనే కలతలు వచ్చాయి. ఈ ఆవిష్కరణ హక్కుపత్రంలో బార్డీన్, బ్రాటెయిన్ ల పేర్లే ఉన్నాయి. షాక్లీకి అది సహింపరాలేదు. పట్టుదలతో కొద్ది వారాలలోనే మరింత దృఢమైన సంధి ట్రాన్సిస్టర్‌ను తన బుద్ధిబలంతో రూపొందించాడు. కాని ఆ తరువాతి ముఖ్యమైన పనులలో మిగిలిన ఇద్దరికీ చోటివ్వలేదు. బార్డీన్ 1951లో సంస్థను విడిచి ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి వెళ్లాడు. బ్రాటెయిన్ వెళ్లలేదు. షాక్లీ క్రింద పనిచేయనని స్పష్టంగా చెప్పి వేరొక విభాగానికి మారి, మళ్లీ ఉపరితలాలనే పట్టుకొన్నారు. 1956 డిసెంబరులో స్టాక్‌హోమ్‌లో ముగ్గురూ నోబెల్ బహుమతిని అందుకొన్నారు. అక్కడ బ్రాటెయిన్ ఇచ్చిన ఉపన్యాసం ట్రాన్సిస్టర్ గొప్పతనాన్ని గురించి కాదు. అర్ధవాహకాల ఉపరితల ధర్మాలను గురించి.

ఆ విషయంలో ఆయన, బార్డీన్ 1953లో ప్రచురించిన వ్యాసం ఒకటి ప్రసిద్ధం. శుభ్రపరచిన జెర్మేనియం ముక్క చుట్టూ ఉన్న వాయువును మార్చుతూ పోయారు. ఒకసారి ఓజోన్, ఒకసారి తేమ కలిసిన నైట్రోజన్. వాయువు మారిన ప్రతిసారీ ఉపరితలపు పొటెన్షియల్ ఒక కొస నుండి మరొక కొసకు ఊగి, మొదటి వాయువు తిరిగి రాగానే మొదటి స్థితికి చేరేది. లోపలి స్ఫటికంలో ఏ మార్పూ లేదు. తాకిన గాలి మాత్రమే మారింది. ఫ్యాక్టరీలో ఉదయం బాగా పనిచేసిన ట్రాన్సిస్టర్ వానాకాలపు మధ్యాహ్నం ఎందుకు మొండికేసేదో దీనితో అర్థమైంది.

వేడి విషయంలోనూ ఇటువంటి చిక్కుముడి అదే కాలంలో వీడింది. జెర్మేనియాన్ని 800 డిగ్రీల ప్రాంతంలో కాల్చి చప్పున చల్లారిస్తే, ఎలక్ట్రాన్లు అధికంగా గల ఎన్-రకం రంధ్రాలు అధికంగా గల పి-రకంగా మారేది. సుమారు 500 డిగ్రీల వద్ద చాలాసేపు ఉంచితే మళ్లీ మొదటి రకానికి వచ్చేది. వేడియే స్ఫటికాన్ని మారుస్తున్నదని చాలామంది భావించారు. బెల్ సంస్థలోనే కాల్విన్ ఫుల్లర్ 1952లో అసలు దోషిని పట్టుకొన్నాడు. కడిగిన నీటి నుండి, తాకిన పనిముట్ల నుండి ఉపరితలానికి అంటిన రాగి లేశాలు! వేడి తగలగానే రాగి అణువులు అతివేగంగా లోపలికి చొచ్చుకుపోతున్నాయి. కాల్చకముందు సయనైడ్ ద్రావణంతో కడిగి రాగిని తొలగిస్తే మార్పు రాలేదు. వేడి చేసిన నేరమనుకొన్నది నిజానికి కడగడంలో జరిగిన లోపం. బ్రాటెయిన్ యౌవనాన్నంతా ఆక్రమించిన రాగియే మళ్లీ ఇక్కడ ప్రత్యక్షం కావడం విచిత్రం.

జెర్మేనియం యుగం అంతరించడానికి కారణాలలో ఆనాడు బ్రాటెయిన్ చేతిలో కొట్టుకుపోయిన ఆక్సైడ్ కూడా ఒకటి. నీటిలో కరిగిపోయే పొరను నమ్మి ఏమి కట్టగలం? సిలికాన్ ఆక్సైడ్ అట్లా కాదు, గాజువంటిది, నీటికి చలించదు. 1955లో బెల్ సంస్థలో కార్ల్ ఫ్రాష్, లింకన్ డెరిక్ అనువారి కొలిమిలో హైడ్రోజన్ వాయువు పొరపాటున అంటుకొని నీటి ఆవిరి ఏర్పడగా, లోపలి సిలికాన్ బిళ్లలపై నిగనిగలాడే పొర ఒకటి పట్టింది. తరువాత ఈజిప్టులోని పోర్ట్ సయీద్‌లో జన్మించిన ముహమ్మద్ అటల్లా, బాగా శుభ్రపరచిన సిలికాన్‌పై వేడితో పెంచిన ఆక్సైడ్, బార్డీన్ చెప్పిన ఉపరితల స్థితులను చాలావరకు శాంతింపజేస్తుందని నిరూపించాడు. 1960లో ఆయన, కొరియా దేశీయుడైన డావోన్ కాంగ్ కలిసి షాక్లీ మొదట కోరిన క్షేత్ర ప్రభావ ట్రాన్సిస్టర్‌ను చేసి చూపారు. అప్పుడూ శుభ్రత పీడ వదలలేదు. 1965 ప్రాంతంలో ఆ పరికరాల చపలత్వానికి సోడియం అయాన్లు కారణమని తేలింది. చేతి చెమటలోని ఉప్పు చాలునన్నమాట. ఆర్.సి.ఎ. సంస్థలో వెర్నర్ కెర్న్ రూపొందించి 1970లో ప్రచురించిన కడిగే విధానం, ముందు అమ్మోనియా, తరువాత హైడ్రోక్లోరిక్ ఆమ్లం, రెండింటిలోనూ హైడ్రోజన్ పెరాక్సైడ్, నేటికీ ఫ్యాక్టరీలలో మూలసూత్రంగా నడుస్తున్నది. అంతా ముగిసిన తరువాత హైడ్రోజన్ కలిసిన వాయువులో 400, 450 డిగ్రీల మధ్య కొంతసేపు వేడిచేస్తే, సరిహద్దులో మిగిలిన తెగిన బంధాలను హైడ్రోజన్ కప్పివేస్తుంది. శుద్ధజలం సీసాను కూడా లెక్కపెట్టి వాడుకొనే మా వంటి ప్రయోగశాలలకు ఇవి కొంత దూరపు మాటలే. అయినా పరీక్షనాళికను కడగకుండా అలమరలో పెట్టే విద్యార్థికి ఇవి చెవినబడడం మంచిది.

1957లో బ్రాటెయిన్ భార్య కెరెన్ మరణించారు. ఆమె కూడా రసాయనశాస్త్రంలో పరిశోధన చేసినవారే. మరుసటి సంవత్సరం ఆయన ఎమ్మా జేన్ మిల్లర్‌ను వివాహమాడారు. 1967లో బెల్ సంస్థ నుండి విరమించి వాలా వాలాకు, తాను చదివిన విట్మన్ కళాశాలకు తిరిగివచ్చారు. నోబెల్ బహుమతి పొందిన వ్యక్తి అక్కడ చేపట్టిన పాఠం, విజ్ఞానశాస్త్రం ప్రధానాంశంగా తీసుకోని విద్యార్థులకు భౌతికశాస్త్రం! పరిశోధనా మానలేదు. రసాయనశాస్త్ర ఆచార్యుడు డేవిడ్ ఫ్రాస్కోతో కలిసి, జీవకణపు పైపొరను పోలిన ఫాస్ఫోలిపిడ్ పొరలను అధ్యయనం చేశారు. రెండు అణువుల మందం గల ఆ పొర అయాన్లను ఎట్లు పోనిస్తుంది, ఎట్లు ఆపుతుంది? రాగి బిళ్ల నుండి జీవకణం వరకు ఆయన ప్రశ్న మారలేదు.

తాను చేసిన వస్తువు వలన ఆయనకు కలిగిన గొప్ప సంతృప్తి, చదువురాని పేదవారు కూడా లోకవార్తలు వినగలగడం. రాక్ సంగీతంవారు దానిని పట్టుకొని చేసే రొద మాత్రం ఆయనకు గిట్టేది కాదు. మన పల్లెలలో ఆ వస్తువు పేరే రేడియోకు పేరైపోయింది. విద్యుత్తు లేని ఊళ్లలో అరుగుపై ట్రాన్సిస్టర్ పెట్టి పొలం కబుర్లు విన్న రైతుకు, మాగ్రిబ్ నమాజు తరువాత ఉర్దూ వార్తలకై దానిని చెవి దగ్గర పెట్టుకొన్న పెద్దలకు, లోపలి బిళ్ల సంగతి తెలియదు. తెలియవలసిన అవసరమూ లేకపోయింది.

చివరి సంవత్సరాలలో జ్ఞాపకశక్తిని హరించే అల్జైమర్స్ వ్యాధి ఆయనను పట్టుకొన్నది. 1987 అక్టోబరు 13న సియాటిల్ నగరంలో, ఎనభై ఐదేళ్ల వయస్సులో, బ్రాటెయిన్ కన్నుమూశారు.